అంతయ్యగారి పేరిట పూర్వపక్షం

ఎల్.బి. నగర్,
ఆదివారం.

సాంబమూర్తి బావగారికి వియ్యంకుడు అంతయ్య దండం పెట్టి రాసేది.

ఇక్కడ అందరం మంచిగున్నం. మా బిడ్డ, మీ కోడలు అరుణజ్యోతి ఈ ఉత్తరాన్ని టిఫిన్ డబ్బాతోటి మెట్రోల పట్టుకొస్తది. "ఫోన్ చెయ్యొచ్చు గద నాయనా" అని గులిగింది. నోటి మాట మేనేజ్‌మెంటుది, రాత మాట యూనియన్‌ది. లైన్ల మీద పనికెక్కిన నాటి నుంచి నా పద్ధతి ఇదే. పైగా మీకు ఫోన్ల ఒక ముక్క చెప్తే దానికి మీరు తాత్పర్యం చెప్పేసరికి నా చార్జింగ్ అయిపోతది.

సంగతేందంటే, వచ్చే నెల మా రిటైర్డు విద్యుత్ ఉద్యోగుల సంఘం మహాసభ. మీ దిల్‌సుఖ్‌నగర్లనే ఫంక్షన్ హాల్ మాట్లాడినం. అదే రోజు అధ్యక్షుడి ఎన్నిక. సంఘం పుట్టినప్పటి నుంచి నేనే ఏకగ్రీవం. ఈసారి మహేందర్ అని అకౌంట్స్‌ల చేసినాయన లేచిండు. ఒకే తీగె మీద నాలుగైదు కంపెనీలు కరెంటు అమ్ముకోవచ్చని ఢిల్లీల ముసాయిదా తిరుగుతుంది గద. నేను వద్దంటున్న. మహేందర్ ఏమో "లండన్ల ఉంది, నార్వేల ఉంది, మనకేం రోగం? అంతయ్యకు నినాదాలు తెలుసు గని దేశాలు తెలువయి" అంటున్నడు.

నాకు గొంతుంది బావగారూ, గ్రంథం లేదు. ఏ దేశంల పోటీ తెరిస్తే ఏమైందో, మీ భాషల ఒక చిన్న పుస్తకం రాసియ్యుండ్రి. అచ్చేసి పంచుత. పొద్దుగాలనే తలుపు కొట్టి "అన్నా, పెన్షన్ ఆగింది" అనేటోళ్లు ఉన్నన్ని రోజులే నేను నౌకరీల ఉన్నట్టు. ఈ కుర్చీ పోతే నేను నిజంగ రిటైరయిత. ఆ ఒక్కటి నాతోని కాదు.

మీ
అంతయ్య

తా.క. నార్వేల చలికాలం పొద్దే పొడవదట గద, అక్కడ బిల్లెంతొస్తదని మా ఇంటామె సైదమ్మ అడుగుతుంది. దానికొక చాప్టర్ పెట్టుండ్రి.

*

దిల్‌సుఖ్‌నగర్,
బుధవారం.

బంధువరేణ్యులు అంతయ్య బావగారి సన్నిధికి సాంబమూర్తి నమస్కరించి విన్నవించునది.

తమ ఉత్తరము, దానితోపాటు వచ్చిన సకినాలు అందినవి. సకినాలకు ప్రత్యుత్తరము లేదు, అయిపోయినవి.

ప్రాచ్యకళాశాలలో జీవితమంతా తర్కము, అలంకారశాస్త్రము చెప్పిన నాకు విద్యుత్తు అంటే వ్రాసుకొంటూ ఉండగా పోయేది అని మాత్రమే తెలుసు. అయినను శాస్త్రమునకు లొంగని విషయము లేదు. అరుణజ్యోతి కంప్యూటరులో వెతికి అచ్చుతీసి ఇచ్చిన కాగితములను శ్రద్ధగా చదివితిని. ఆశ్చర్యమేమనగా, వాటిలో విద్యుత్తు కన్నా రాజనీతియే ఎక్కువ. మొట్టమొదట తలుపు తెరిచిన చిలీ దేశములో ఆనాడు సైనికపాలన. ఇంగ్లండులో తెరిచినది బొగ్గుగని కార్మికులతో పెద్ద పోరాటము నడిపిన ప్రభుత్వము. నార్వేలో జలపాతములు చాలావరకు ఊళ్ల పాలకసంఘముల చేతిలోను, రాజ్యము చేతిలోను ఉన్నవి కనుక, ఆస్తి పోతుందన్న భయము లేక తెరిచి, పొరుగున ఉన్న స్వీడనుతో కలిసి ఒకే సంత పెట్టుకొన్నారు. ఫ్రాన్సు మాత్రము, ఐరోపా దేశములన్నీ ఒత్తిడి చేయగా, పిల్లి దూరేటంత సందు మొదట తెరిచినది.

రచన శాస్త్రసంప్రదాయము తప్పకుండా సాగుచున్నది. ప్రథమభాగము జతపరచితిని. ద్వితీయభాగము పక్షము రోజులలో పంపగలను. గ్రంథముపై నా పేరు వలదు. విషయము నిలిస్తే చాలును.

ఇట్లు
భవదీయుడు
సాంబమూర్తి

తా.క. ప్రథమభాగమును నా భార్య వేదవతికి చదివి వినిపించితిని. నడుమ కరెంటు పోయినా ఆమె కదలలేదు. తన్మయత్వము అనుకొంటిని. దీపము వచ్చిన తరువాత నిద్ర అని తెలిసినది.

*

ఎల్.బి. నగర్,
మంగళవారం.

సాంబమూర్తి గారికి,

ఈసారి బావగారూ అని రాస్తలేను. బిడ్డ ముఖం చూసి "గారు" మాత్రం ఉంచిన.

మీరు పంపిన కాగితాలల్ల మొదటి పేజీ చదివిన. అగ్ని, ఇంద్రుడు, మెరుపు, సూర్యుడు, ఎక్కడ చూసినా కరెంటే. మస్తుగుందని చైతన్యపురిల కోచింగ్ సెంటర్లకు పాంప్లెట్లు కొట్టే ప్రెస్సుకు అట్లనే ఇచ్చేసిన. మా సంఘం ఏ పుస్తకమేసినా రచయిత జాగల అధ్యక్షుడి పేరే ఉంటది. అది ఆనవాయితీ. మీరు పేరొద్దన్నరు గద, నేను సంబురంగ నా పేరు వేయించిన, ఫొటో సుత. శనివారం అందరికీ పంచిన.

ఆదివారం పొద్దుగాల మా ఎలీశమ్మ వచ్చింది. స్టోర్స్‌ల చేసి రిటైరైన మనిషి.

"అన్నా, మారినవట?"

"ఎక్కడికి? సొంత ఇల్లు గద ఇది" అన్న.

"ఇల్లు కాదన్నా, మాట" అన్నది.

అప్పుడు కూసుండి మొత్తం చదివిన. ‘ఒక్కడే అమ్మువాడున్న చోట కొనువాడు యాచకుడు’ అట! నా ఫొటో కిందనే ఉన్నదా ముక్క. మల్ల ఆ పద్యం!

తీగె యొకటి యైన తెచ్చెడి వారలు
పెక్కు రున్న నేమి పీడ కలదు?
బావి యొకటె యైన బహుళమౌ చేదలు
తోడుకొనవె నీరు? దోసమేమి?

పార్కుల వాకింగ్ చేసుకుంట దీన్ని రాగం తీసి పాడుతున్నరు. నేను ఎదురొస్తే రాగం పెంచుతున్నరు.

అది సరే. ‘ఏకాధిపత్యమునకు ఒక వివాహము నిదర్శనము. కాలనీ యావత్తు చీకటిలో ఉండగా మండపమొక్కటే వెలిగినది. వధువు తండ్రి ఆ శాఖలోనే ఉద్యోగి’ అని రాసిండ్రు. ఎవల పెండ్లి అది? మీ కొడుకు శేఖర్‌దే గద! గా వెలుగులనే గద మీరు లడ్డు రెండుసార్లు అడిగి తిన్నరు! ఇప్పుడది నా మీద నేనే రాసుకున్నట్టు అచ్చయింది.

మహాసభ నెత్తి మీదికొచ్చింది. మీ పక్షమేందో, నా మీద పగేందో రాతపూర్వకంగ తెలుపుండ్రి.

అంతయ్య

తా.క. వెనక అట్ట ఖాళీగున్నదని ప్రెస్సోడు కోచింగ్ సెంటర్ అడ్వర్టైజ్‌మెంట్ వేసిండు: ‘పోటీకి భయపడకండి. మాతో చేరండి.’ అది గూడ నేనే రాసిన్నని అనుకుంటున్నరు.

*

దిల్‌సుఖ్‌నగర్,
గురువారం.

అంతయ్య బావగారికి (నేను మానలేదు) సాంబమూర్తి నమస్కారము.

తమ ఉత్తరము చదువుచు కాఫీలో ఉప్పు కలుపుకొని పూర్తిగా త్రాగితిని. వేదవతి దానిని విశేషముగా చెప్పుకొన్నది.

అయ్యా, అచ్చయినది పూర్వపక్షము! మా శాస్త్రములలో ఏ వాదమైనను ఎదుటివాని మాటతోనే మొదలగును. అతడు చెప్పదలచినదంతా, అతనికన్నా బాగుగా, అతనికి తోచని యుక్తులు కూడా చేర్చి ముందు మనమే చెప్పవలెను. ఆ తరువాతనే ఖండన. ఆ తరువాత సిద్ధాంతము. ప్రత్యర్థిని బలహీనునిగా చూపి గెలిచినవాడిని పండితసభలో లెక్కింపరు. మంచమునకు కట్టివేసినవానితో కుస్తీ పట్టినట్లని నవ్వుదురు. ఇది మా ఇంట పాలు త్రాగు బిడ్డకు కూడా తెలిసిన సంగతి కనుక ప్రత్యేకించి వ్రాయలేదు. పొరపాటే. సీతాపహరణము దగ్గర రామాయణము మూసివేసి, కవి రావణుని పక్షమని ఊరూరా చాటినట్లయినది.

వివాహము నాటి దీపముల ఉదాహరణ ప్రత్యర్థి నోట పెట్టినది, నా నోటిది కాదు. అతడు ఉంటే తప్పక చెప్పును గదా. పగ ఎంతమాత్రమూ లేదు.

ఖండన వెంటనే పంపెదను అని వ్రాయవలెనని కలము పట్టితిని. అయితే తమ వద్ద దాపరికమెందుకు? ఒక ఇబ్బంది వచ్చినది. పూర్వపక్షము కొంచెము ఎక్కువ బాగుగా వచ్చినది. ఉదయము నుండి దానికి నాకే సమాధానము తోచుటలేదు. ‘బావి యొకటె యైన’ అన్నచోట నిలిచిపోయితిని. మరికొన్ని దేశములు చదువవలసి యున్నది. కంగారుపడకుడు. సంప్రదాయములో ఇట్టివి జరుగుచుండును. కొందరు పండితులు తమ పూర్వపక్షమునకే శిష్యులైపోయినారని కూడా వినికిడి. నేను ఆ గతికి రాను.

ఇట్లు
సాంబమూర్తి

తా.క. లడ్డు ఒక్కసారే అడిగితిని. రెండవది వడ్డించువారే తమంతట తాము వేసిరి. వాదము వేరు, సత్యము వేరు.

*

ఎల్.బి. నగర్,
శనివారం.

బావగారికి,

పగ లేదన్నరు, సంతోషం. జవాబు దొరుకుతలేదన్నరు, ఇగ నేను సచ్చిన.

ఇక్కడ కథ మారింది. మొన్నటి దాక పోటీ కావాలన్న మహేందర్, నా పుస్తకం చూసి అటు తిరిగిండు. ఇప్పుడు హయత్‌నగర్ల మీటింగు పెట్టి "ప్రజల కరెంటు ప్రజలకే" అంటున్నడు. ఆ నినాదం నాది! గోడల మీద నేను రాసింది! "నువ్వు మొన్న గట్ల అన్లేదా మహేందర్?" అంటే, "అధ్యక్షుడు అమ్ముడుపోయినప్పుడు ఎవలో ఒకలు నిలబడాలె గదన్నా" అంటడు. నేను ఇప్పుడు పోటీ వద్దంటే మహేందర్ని చూసి కాపీ కొట్టిన్నంటరు. కావాలంటే అచ్చంగ అమ్ముడుపోయిన్నంటరు. ఊకుంటే భయపడ్డడంటరు.

కరెంటు అమ్మే ఒక కంపెనీ మనిషి శాలువా, పండ్ల బుట్ట పట్టుకొని ఇంటికే వచ్చిండు. "సార్, ఇంత బాగ మా వాళ్లు కూడ రాయలేదు, ఇంకో పదివేల కాపీలు మేం వేయిస్తం" అన్నడు. సైదమ్మ శాలువా వాపస్ ఇచ్చింది. పండ్లు ఉంచింది. పండ్లకు పార్టీ ఉండదట.

పొద్దుగాల తలుపు కొట్టేటోళ్లు నిన్నటి నుంచి రాలే. అలవాటుగ లేచి, అంగీ తొడుక్కొని, ముందటర్రల కూసున్న. పేపరోడు తప్ప ఎవడూ రాలే. వాడికే ఛాయ్ పోసిన.

మహాసభ రేపు గాక పై ఆదివారం. మీ సిద్ధాంతమేదో ఆ లోపట పంపుండ్రి. చిన్నగైనా ఫర్వాలేదు, నా దిక్కు ఉంటే చాలు.

మీ బావ
అంతయ్య

తా.క. సైదమ్మ మీ పుస్తకం మల్ల మొదటి నుంచి చదువుతుంది. అన్నం పెట్టమంటే "ఆగు, ఇప్పుడే చిలీకి వచ్చిన" అంటది.

*

దిల్‌సుఖ్‌నగర్,
శుక్రవారం.

ఆపదలో ఉన్న అంతయ్య బావగారికి సాంబమూర్తి అభయము.

సిద్ధాంతము పూర్తి అయినది. ఈ ఉత్తరముతో జతపరచితిని. సారాంశము మాత్రము ఇక్కడ వ్రాయుచున్నాను. ఈసారి దయచేసి ప్రెస్సు కన్నా ముందు తాము చదువవలెను.

కాలిఫోర్నియాలో టోకు ధరను స్వేచ్ఛగా వదిలి, చిల్లర ధరను కట్టివేసిరి. కొనునది ఆకాశములో, అమ్మునది నేల మీద. నడుమ ఉన్న సంస్థలు కుదేలయినవి, ఊళ్లు చీకటిలో పడినవి. టెక్సాసులో ఒక చలితుఫానుకు టోకు ధర చుక్కలంటినది. ఆ ధరకే ముడిపడిన ఇండ్లకు వేల డాలర్ల బిల్లులు వచ్చినవి. ఇంగ్లండులో ఇంధనము ధర పెరిగిన సంవత్సరము చిల్లర విక్రేతలు వరుసగా మూతపడగా, వారి వాడుకదార్లను ఇతరులకు అప్పగించిన ఖర్చు దేశములోని అందరి బిల్లులలోను చేరినది. సంత బాగుగా నడుపుకొన్న నార్వే కూడా, ఐరోపాలో ఇంధనపు కరవు వచ్చిననాడు తన నీటి కరెంటు తనకే ఖరీదై, బిల్లులో కొంత ప్రభుత్వమే చెల్లించవలసి వచ్చినది. (చెల్లెమ్మ సైదమ్మ ప్రశ్నకు ఇదియే సమాధానము.)

అట్లని మూసి ఉంచిన తలుపు వెనుక అంతా ధర్మమే నడిచినదని నేను వ్రాయలేను. ఒక్కడే అమ్మువాడున్న చోట ఫిర్యాదునకు జవాబు ఆలస్యమగును, అస్మదీయులకు మాత్రము ఆలస్యము కాదు. ఆ మండపము సంగతి తాము ఎరుగుదురు.

కావున తలుపు తెరువవలెనా, మూయవలెనా అన్నది అసలు ప్రశ్న కానే కాదు. కొత్తగా వచ్చు విక్రేత ఫ్యాక్టరీలను, పెద్ద అపార్టుమెంట్లను ఏరుకొని పోయిన పిదప, పొలములోని మోటారును, బస్తీలోని ఒంటి బల్బును ఎవరు మోయుదురు? తీగె తెగిననాడు స్తంభము ఎక్కువాడు ఎవరి మనిషి? ఈ రెండింటికి ముందుగా జవాబు వ్రాసి ఇచ్చిన దేశములు కొంత సుఖపడినవి. తరువాత చూచుకొందమన్నవి చీకటిలో వెతుక్కొన్నవి. అదే పద్యములో పెట్టితిని:

బావి పూడు నాడు బాధ్యు డెవ్వండయా?
చేద లున్న వారు చేర రటకు
నీరు తోడు వేళ నిండైన పోటీయె
పూడికకు నెవండు పూనుకొనును?

ఇది తమ దిక్కున ఉన్నదా అని అడుగుదురు. పూర్తిగా లేదు. మహేందరుగారి దిక్కున కూడా లేదు. సత్యమునకు ఎల్.బి. నగర్ అని, హయత్‌నగర్ అని ఉండదు. సభలో రెండు భాగములు వరుసగా, నడుమ ఆపకుండా చదువుడు. మధ్యలో మాత్రము భోజనవిరామము ఇవ్వవలదు. సగము విని వెళ్లినవారితోనే మనకు ఇంత తంటా వచ్చినది.

ఇట్లు
భవదీయుడు
సాంబమూర్తి

తా.క. వేదవతి ద్వితీయభాగమును మేలుకొనియే విన్నది. చివర "ఇంతకీ కరెంటు కావాలంటారా, వద్దంటారా?" అని అడిగినది.

*

రిటైర్డు విద్యుత్ ఉద్యోగుల సంఘం,
అధ్యక్షుల ఆఫీసు (మా ముందటర్ర),
ఎల్.బి. నగర్, మంగళవారం.

అన్నయ్యగారికి చెల్లెలు సైదమ్మ నమస్కారం చేసి రాసుడు.

మా ఆయన రాయాల్సిన ఉత్తరం నేను రాస్తున్న. ఆయన ఎవరితో మాట్లాడుతలేడు. పాణం మంచిగనే ఉన్నది, పరేషాన్ కాకుండ్రి.

సభల మీరు చెప్పినట్టే రెండు భాగాలూ ఆయనే చదివిండు. గొంతు మీకు తెలుసు గద, మైకు పోయినా ఆగలే. భోజనాలు చల్లారినయి. అయినంక మహేందర్ లేచి "ఇదంత నేను ముందే అన్న" అన్నడు. మా ఆయన "నేను నీకన్న ముందే అన్న" అన్నడు. ఎవరు ముందన్నరని ఇద్దరూ మైకు గుంజుకుంటున్నరు. పొలంల మోటారు సంగతి, తెగిన తీగె సంగతి ఇద్దరూ మరిచిండ్రు.

నాకు కోపమొచ్చింది. నేను గూడ ఆ సంఘం సభ్యురాలినే అన్నయ్యా. హయత్‌నగర్ల బిల్లు కౌంటర్ల కూసోనే గద రిటైరైన. ఇన్నేండ్లూ సభల నా పని చప్పట్లు కొట్టుడు, ఇంటికొచ్చి ఛాయ్ పెట్టుడు. లేచి ఒక్కటే అడిగిన:

"పోటీ మంచిదా చెడ్డదా అని ఇంత పుస్తకం చదివిండ్రు. పుట్టినప్పటి నుంచి ఏకగ్రీవంగ గెలిచే మనిషికి పోటీ సంగతి ఎట్ల తెలుస్తది?"

హాలంత నవ్వింది. ఎలీశమ్మ లేచి "అయితే నువ్వే నిలబడు వదినా, మూడో కంపెనీ!" అన్నది. నేను కాదనేలోపట చప్పట్లు. ఫంక్షన్ హాల్ల చదివింపుల డబ్బా ఉంటే అండ్లనే చిట్టీలు వేసినం. లెక్కబెడితే నేను గెలిచిన. మహేందర్ సుత వచ్చి దండం పెట్టిండు. ఈసారి ఎటు తిరగాలెనో తెలువలేదేమో.

మొదటి తీర్మానం నేనే రాసిన. పొలం మోటారు, బస్తీ బల్బు ఎవరు మోస్తరో, స్తంభం ఎవరు ఎక్కుతరో చెప్పకుండ తలుపు తియ్యొద్దు. తియ్యకుంటే, ఫిర్యాదుకు ఎన్ని దినాలల్ల జవాబిస్తరో మనోళ్లు గూడ రాసియ్యాలె. రెండూ ఢిల్లీకి పంపినం. ఎవరింటి పెండ్లి అయినా కాలనీ అందరికీ ఒకటే కరెంటు అని మూడో ముక్క గూడ చేర్చిన. మా ఆయన దానికి తల దించుకునే చెయ్యెత్తిండు.

పొద్దుగాల మల్ల తలుపు కొడుతున్నరు. అలవాటుకొద్ది ఆయనే తీస్తడు. "అన్నా, పెన్షన్ ఆగింది" అంటరు. ఆయన నా దిక్కు చూపిస్తడు. నేనేమో "మీ అన్ననే ఆఫీసుకు తోల్కపోతడు, ఏ తలుపెనక ఎవరుంటరో ఆయనకే తెలుసు" అంటున్న. మాట్లాడకుండ బండి తీస్తడు గని, సాయంత్రం దాక పని చేసుకొనే వస్తడు. ముఖం మాత్రం ముడుచుకొనే ఉన్నది. పాపమనిపించి వండి పెడుతున్న.

మీ చెల్లెలు
సైదమ్మ
(అధ్యక్షురాలు)

తా.క. సంఘానికి శాస్త్ర సలహాదారుగ మీ పేరు పెట్టినం. పోటీ ఎవరూ లేరు, ఏకగ్రీవమే. జాగ్రత్త.

ఇంకొక తా.క. బావగారూ, అంతయ్యను. కవరు అంటించమని నా చేతికిచ్చింది, అంటించకముందు రాస్తున్న. చిట్టీ మీద నేను రాసింది ఆమె పేరే. ఆమె అడిగిందానికి నా దగ్గర జవాబు లేకపాయె, ఇగ నాకు నేను ఎట్ల వేసుకుంట? ఓడి అలిగిన్నని ఆమె అనుకుంటుంది. అనుకోనీయుండ్రి. అలిగిన కాడి నుంచి రోజూ నాటుకోడి. ఓటు సంగతి తెలిస్తే రేపటి నుంచి పచ్చిపులుసే.